చెయ్యి ఎక్కడ పెట్టాలి

అంబత్తూరు ఎస్టేటులో పార్సెల్ ఆఫీసు,
మెట్ల కింద గది.
పదమూడేళ్లుగా అక్కడ ఒక జావా ప్రోగ్రాము
లారీ రశీదులు రాస్తోంది.
తడ దాటి నెల్లూరికి ఎన్ని పెట్టెలు,
హోసూరికి ఎన్ని,
ఎవరి సరుకు ఎవరి గోడౌన్లో పడి నిద్రపోతోందో
అన్నీ దానికి తెలుసు.

దాన్ని చూసుకునే ఎళిలరసన్ గారు
పొద్దున్నే చెప్పులు బయట విడిచి
యంత్రం నెత్తిన అరచెయ్యి ఆనిస్తారు,
బిడ్డకి జ్వరం చూసినట్టు.
"సోమవారం కదా, కొంచెం వేడి" అంటారు
తమిళం అంచు కుట్టిన తెలుగులో.

వానల ఏడాది గుర్తు గోడమీద అలాగే ఉంది,
నా మోకాలికి జానెడు పైన, బురద గీత.
ఆ రాత్రి నీళ్లు గడప ఎక్కుతుంటే
నలుగురు హమాలీలు యంత్రాన్ని భుజాలకెత్తుకుని
మేడమీద లెక్కల గదిలో దించారట.
అందుకే ఇప్పుడు క్లౌడ్‌కి పంపుతున్నాం.
మబ్బుకి భయపడి మబ్బులోకే పోతున్నాం, అన్నాను.
ఆయన నవ్వలేదు.

శనివారం రాత్రి పదకొండు.
ఒక ఫ్లాస్కు, రెండు కుర్చీలు, నా లాప్‌టాప్.
ప్రోగ్రాముని మూటగట్టి కంటైనర్లో పెట్టాను, అంటే
ఆయన కిటికీలోంచి యార్డు వైపు చూశారు,
నలభై అడుగుల ఇనప కంటైనర్లలో
ఏదో ఒకటి కదులుతుందేమోనని.

లేచింది. నాలుగు నిమిషాలు ఊపిరి తీసింది. చచ్చింది.
మళ్లీ లేచింది. మళ్లీ.
లాగులో ఏడుపు లేదు, ఆఖరి మాట లేదు,
ఒక్క అంకె: నూట ముప్ఫై ఏడు.
బయటినుంచి ఎవరో గొంతు నులిమితే మిగిలే అంకె.

ఒంటిగంటన్నరకి వెలిగింది నాకు.
పాత జావా కదా.
దానికిచ్చింది ఒక్క జీబీ గది.
అది కళ్లు తెరిచి మేడంతా చూసింది,
అరవై నాలుగు జీబీలు!
సొంతింట్లో పుట్టిపెరిగిన మనిషి
అద్దె వాటాలోకి దిగిన రోజే
ఇంటివాళ్ల వసారాలో మంచం వాల్చినట్టు
కాళ్లు చాపింది.
లోపల చెత్త ఊడ్చేవాడు కూడా
ఇంత చోటుండగా ఇప్పుడే ఎందుకని
చీపురు గోడకానించి కూర్చున్నాడు.
ఈ ఇంటివాడు తలుపు తట్టి చెప్పే రకం కాదు.

ఇంతే నీ వాటా, అని ఒక్క వరస రాశాను.
ఏడువందల మెగాబైట్లు, అక్కడ గోడ.
లేచింది.
ఐదు నిమిషాలు. పది. కాఫీ చల్లారింది.
ముంబైలోనో, ఆ చుట్టుపక్కలో,
మేమెన్నడూ చూడబోని గదిలో కూర్చుని
మొదటి రశీదు రాసింది:
గూడూరు, పదకొండు పెట్టెలు, పంపు సామాన్లు.

మూడింటికి మెట్ల కింద యంత్రాన్ని ఆయనే ఆపారు.
ఫ్యాను ఆగడానికి చాలాసేపు పట్టింది.
అదాగాక తెలిసింది
గదిలో గోడగడియారం ఒకటి ఉందని.

"అమ్మా, ఇక చెయ్యి ఎక్కడ పెట్టాలి?"

రెండు కాపీలు నడుస్తున్నాయి సార్,
ఒకటి పోతే ఇంకొకటి దానంతటదే పుడుతుంది,
ఎవరూ భుజానికెత్తుకోనక్కర్లేదు, అన్నాను.
"పోయినదాని పేరేమిటి?"
పేరుంది.
పిలిచే పేరు కాదు, అక్షరాలూ అంకెలూ కలిసిన తోక.
చదివి వినిపించబోయి ఊరుకున్నాను.

తెల్లారి బేసిన్ బ్రిడ్జిలో మారి
సూళ్లూరుపేట లోకల్ ఎక్కాను.
ఖాళీ చేపల తట్టల మధ్య కాస్త చోటు.
పొన్నేరి దగ్గర ఫోను.
"ఎట్లా ఉంది?"

రాత్రంతా గ్రాఫులు మోసిన ఫోను
చెవికి వెచ్చగా తగిలింది.
అరచేతిలోకి మార్చుకుని, ఒక క్షణం పట్టి చూసి,
"ఆదివారం కదండీ" అన్నాను,
"కొంచెం తక్కువ వేడి."